శాంతరసమూ శబ్దవిరామమూ: జాన్ కేజ్ కృతులను గూర్చి ఒక అభిప్రాయం

అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ (1912–1992) పేరు మన ప్రాచ్యభాషా కళాశాలలలో తరచుగా వినబడేది కాదు. వినబడిన కొద్ది సందర్భాలలోనూ రెండు విధాలైన అభిప్రాయాలే వ్యక్తమవుతూ ఉంటాయి. పియానో ముందు కూర్చుండి ఒక్క స్వరమైనా పలికించకుండా లేచిపోవడాన్ని సంగీతమన్నవాడు పరిహాసపాత్రుడు గాక మరేమి అని కొందరంటారు. మన రససిద్ధాంతాన్ని గ్రహించి పాశ్చాత్యులకు మౌనమహిమను బోధించినవాడు కనుక ఆయన ఘనత అంతా మనదేనని మరికొందరంటారు. మొదటివారు ఆయన సంగీతాన్ని వినలేదు. రెండవవారు మన శాస్త్రాన్ని శ్రద్ధగా చదువలేదు. 1946–1948 మధ్య కేజ్ రచించిన పియానో కృతి రసశాస్త్రానికి నిజంగా సన్నిహితమైనదనీ, పలువురు భారతీయ భావనకు ప్రతిరూపంగా కొనియాడే 1952 నాటి నిశ్శబ్దకృతి అంత సన్నిహితం కాదనీ నా అభిప్రాయం. దానికి గల హేతువులను నివేదించడమే ఈ వ్యాసోద్దేశం.

కేజ్ లాస్ ఏంజెలిస్ నగరంలో 1912 సెప్టెంబరు 5న జన్మించాడు. తండ్రి కొత్త యంత్రాలను కల్పించడంలో నిమగ్నుడైన వ్యక్తి. 1930ల మధ్యకాలంలో కేజ్, వియన్నాలో జన్మించి అమెరికాకు వలస వచ్చిన ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ వద్ద శిష్యరికం చేశాడు. స్వరసంవాదంపై అభినివేశం లేనివానికి స్వరరచనలో ఒక గోడ అడ్డుపడక తప్పదని గురువు హెచ్చరించగా, ఆ గోడకే జీవితమంతా తలబాదుకుంటానని శిష్యుడు బదులిచ్చాడట. ఈ ఉదంతాన్ని కేజ్ స్వయంగా చెప్పుకున్నాడు. స్వరసంవాదాన్ని విడిచినవానికి సంగీతనిర్మాణానికి వేరొక ఆధారం కావాలి. ఆ ఆధారం ఆయనకు కాలప్రమాణంలో లభించింది. శబ్దానికి స్థాయి, గుణం, తీవ్రత, వ్యవధి అని నాలుగు ధర్మాలుండగా నిశ్శబ్దానికి ఉన్నది వ్యవధి ఒక్కటే. కాబట్టి శబ్దనిశ్శబ్దాలు రెండింటికీ చోటిచ్చే నిర్మాణం కాలంపైననే నిలువగలదని ఆయన వాదం.

ఈ వాదం పాశ్చాత్య శ్రోతలకు వింతగా తోచవచ్చును గాని తాళశాస్త్రం చదివినవారికి వింత కాదు. మార్గతాళంలో క్రియలు సశబ్దములనీ నిశ్శబ్దములనీ ద్వివిధములు. ధ్రువం, శమ్య, తాళం, సన్నిపాతం అనేవి సశబ్దాలు. ఆవాపం, నిష్క్రామం, విక్షేపం, ప్రవేశకం అనేవి నిశ్శబ్దాలు. చేయి చప్పుడు చేసినా చేయకపోయినా కాలం కొలవబడుతూనే ఉంటుంది. శబ్దం లేని చోటు లెక్కలో లేని చోటు కాదు. అయితే కేజ్ ఈ విషయాన్ని శార్ఙ్గదేవుని వద్ద నేర్చుకొన్నాడని చెప్పడం సాహసమవుతుంది. ఆయన తన దారిన తాను ఇక్కడికి చేరాడు. భారతీయ విద్యతో ఆయనకు ప్రత్యక్ష పరిచయం 1946లో గాని కలుగలేదు.

ఆ పరిచయానికి కారకురాలు అహమ్మదాబాదుకు చెందిన గీతా సారాభాయి. పాశ్చాత్య సంగీత ప్రభావం మన సంగీతంపై ఏ విధంగా పడనున్నదో తెలుసుకొనగోరి ఆమె న్యూయార్కు వెళ్ళారు. కేజ్ ఆమెకు పాశ్చాత్య స్వరరచనా విధానాన్ని, ఆమె కేజ్‌కు భారతీయ సంగీతాన్ని నేర్పుకొనేలా ఏర్పాటు జరిగింది. ఇందులో ద్రవ్యప్రసక్తి లేదు. సంగీతానికి ప్రయోజనమేమని కేజ్ అడిగినప్పుడు, మనస్సును నిర్మలంగా నిశ్చలంగా చేసి దైవీప్రభావానికి పాత్రం చేయడమే దాని ప్రయోజనమని తన గురువు చెప్పిన మాటను ఆమె వినిపించారు. ఆత్మభావాన్ని ఇతరులకు తెలియజేయడమే కళ అనే నమ్మకం అప్పటికే కేజ్‌లో సడలిపోయింది. విషాదంతో వ్రాసినదాన్ని విని శ్రోతలు నవ్వుతుంటే ఇక తెలియజేయడమనేది ఎక్కడ ఉన్నదని ఆయన ప్రశ్న. గీతా సారాభాయి చెప్పిన సమాధానాన్ని ఆయన తన ఉపన్యాసాలలో, వ్యాసాలలో జీవితాంతం స్మరించాడు. స్వదేశానికి తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఇచ్చిన శ్రీరామకృష్ణ కథామృతం ఆంగ్లానువాదాన్ని ఆయన తదేకదీక్షతో చదివాడు.

ఇక్కడ ఒక విషయం మనం మరువరాదు. ఆయన మిత్రుడు, స్వరకర్త లూ హారిసన్ ఇంచుమించు ఇదే భావాన్ని ఒక ప్రాచీన ఆంగ్ల గ్రంథంలో చూపించాడు. దానితో కేజ్, సంగీతప్రయోజనం విషయంలో ప్రాక్పశ్చిమాలకు పూర్వకాలంలో భేదం లేదనే నిర్ణయానికి వచ్చాడు. కనుక అంతా మనదేనని చెప్పుకొనడానికి ఆయన రచనలే అంగీకరించవు.

రసవిషయంలో కేజ్‌కు ఆధారం ఆనంద కుమారస్వామి రచనలు, ప్రధానంగా 1934లో వెలువడిన ప్రకృతి–కళా సంబంధ విచారగ్రంథం. తెలుగువారు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఇందులో ఉన్నది. ఆ కుమారస్వామి 1917లో నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఆంగ్లీకరించి హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా ప్రకటించినప్పుడు, సహానువాదకులు మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. చీరాల–పేరాల ఉద్యమనాయకులుగా, రామదండు స్థాపకులుగా ఆయనను ఎరిగినవారిలో ఎందరికి ఈ పుస్తకం సంగతి తెలుసునో చెప్పలేను. కేజ్ ఆ అనువాదాన్ని చదివాడని నేననడం లేదు. అయితే మన నాట్యశాస్త్ర పరిభాషను ఆంగ్లపాఠకులకు అందించిన తొలి ప్రయత్నాలలో ఒక తెలుగువాని కృషి ఉన్నదనడం అతిశయోక్తి కాదు.

ఈ అధ్యయనానికి ఫలంగా వెలువడినదే 'సొనాటాలు, ఇంటర్లూడులు' అనే కృతి. 16 సొనాటాలు, 4 ఇంటర్లూడులు కలిసిన ఈ రచన వాదనానికి ఒక గంటకు పైగా పడుతుంది. ఇందులో వాడినది మామూలు పియానో కాదు. తీగల నడుమ మరలు, బోల్టులు, రబ్బరు ముక్కలు మొదలైనవాటిని నిర్ణీతస్థానాలలో అమర్చి ధ్వనిగుణాన్ని మార్చిన పియానో. కేజ్ 1940 ప్రాంతంలో ఒక నర్తకి ప్రదర్శనకోసం ఈ పద్ధతిని కనిపెట్టాడు. వాద్యబృందానికి వేదికపై చోటు చాలకపోవడం దానికి కారణం. ఈ కృతికై 45 స్వరాలను ఇలా సంస్కరించవలసి ఉంటుంది. అప్పుడు ఒక మీట గంటవలె, మరొకటి చిన్న మద్దెలవలె, వేరొకటి కొయ్యపై తట్టినట్లు పలుకుతుంది. ఒక్క మనిషి వాయిస్తుండగా ఒక చిన్న వాద్యగోష్ఠి వినవస్తుంది.

భారతీయ సంప్రదాయంలోని స్థాయీభావాలను వ్యక్తపరచడమే ఈ కృతి సంకల్పమని కేజ్ చెప్పాడు. వీరం, శృంగారం, అద్భుతం, హాస్యం ఒక వైపు. రౌద్రం, భయానకం, బీభత్సం, కరుణం మరొక వైపు. వీటన్నిటికీ గమ్యంగా మధ్యలో శాంతం. ఏ సొనాటా ఏ రసానికి చెందినదో మాత్రం ఆయన నిర్దేశించలేదు. దీనిని లోపమని కొందరంటారు. నేను దీనిని గుణంగా భావిస్తున్నాను. రసం స్వశబ్దవాచ్యం కారాదనేది మన ఆలంకారికులు పదే పదే చెప్పిన నియమం. శృంగారమని పేరు పెట్టినంత మాత్రాన శృంగారం పుట్టదు.

విభావాదులు లేని కేవల వాద్యసంగీతంలో రసం ఎలా సంభవిస్తుందనే ఆక్షేపణ సహజమైనది. నాయకుడు లేడు, ఉద్దీపనం లేదు, అనుభావం లేదు. సమాధానం మన గ్రంథాలలోనే ఉన్నది. వాచకత్వం లేని గీతశబ్దాలకు కూడా రసాదివ్యంజకత్వం కలదని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో అంగీకరించాడు. అర్థం చెప్పే శక్తి, రసాన్ని స్ఫురింపజేసే శక్తి ఒకటి కావని నిరూపించడానికి ఆయన సంగీతాన్నే సాక్ష్యంగా పిలిచాడు. భరతుడు సైతం మధ్యమపంచమాలను హాస్యశృంగారాలకు, షడ్జర్షభాలను వీరరౌద్రాద్భుతాలకు, గాంధారనిషాదాలను కరుణకు, ధైవతాన్ని బీభత్సభయానకాలకు వినియోగించాడు. కనుక పదం లేని నాదంతో రసాన్ని సాధించబూనిన కేజ్ ప్రయత్నం శాస్త్రవిరుద్ధం కాదు. ఆ కృతి చివరి సొనాటాలకు వచ్చేసరికి ఆవేగాలు తగ్గి, స్వల్పమైన స్వరసమూహాలు సమగతిలో ఆవర్తిస్తూ, మనస్సును ఒక చోట నిలబెడతాయి. విన్నవారికి ఇది అనుభవైకవేద్యం.

ఆ తరువాతి మార్పు గమనింపదగినది. 1951లో నర్తకుడు మెర్స్ కన్నింగ్‌హాం నవరసాలను ఆధారం చేసుకొని 'పదహారు నృత్యాలు' ప్రదర్శించగా కేజ్ దానికి సంగీతం సమకూర్చాడు. ఆ రచనకై స్వరాలను గళ్ళ పట్టికలలో అమర్చి, నియతమైన కదలికలతో వాటినుండి ఎన్నుకొనే పద్ధతిని అవలంబించాడు. అనతికాలంలోనే ఆ పట్టికలకు చైనా ప్రాచీనగ్రంథమైన ఐ చింగ్ తోడైంది. మూడు నాణేలను ఆరుసార్లు ఎగురవేసి, 64 సంకేతాలలో ఏది వస్తే దానికి సరిపోయే శబ్దాన్ని వ్రాసుకొనడం ఆయన పద్ధతి అయింది. 1951లోనే రచించిన 'మ్యూజిక్ ఆఫ్ ఛేంజెస్' ఈ మార్గంలో వచ్చినది. రసాలకోసం రచించిన సంగీతమే యాదృచ్ఛికతకు ద్వారం తెరవడం విధివిలాసం అనిపిస్తుంది.

ఈ మార్పునకు కేజ్ చెప్పిన కారణం అహంకారనివృత్తి. స్వరకర్త ఇష్టానిష్టాలు, జ్ఞాపకాలు, అలవాట్లు సంగీతంలో చొరబడకూడదు. శబ్దాలు శబ్దాలుగానే ఉండాలి. ఆశువుగా వాయించడంపై ఆయనకు చాలాకాలం విశ్వాసం లేకపోవడానికి కారణమిదే. ఆశువులో చేతికి వచ్చేది అలవాటే గదా అని ఆయన సందేహం.

ఈ స్థలంలోనే అభినవగుప్తుని తలచుకోవాలి. అభినవభారతిలో ఆయన రసప్రతీతికి ఏడు విఘ్నాలను పేర్కొన్నాడు. వాటిలో ఒకటి నిజసుఖాదివివశీభావం, అనగా ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉండడం. ఇంటి బాధతో వచ్చి కూర్చున్నవాని చిత్తం రంగస్థలంపై ఎలా విశ్రమిస్తుంది? ఈ విఘ్నాన్ని తొలగించడానికే వాద్యం, గానం మొదలైనవి ఉద్దేశింపబడినవని ఆయన వివరించాడు. సంగీతం మనస్సును దాని స్వార్థచింతనుండి విడిపించి ఆస్వాదానికి అనువుగా చేస్తుంది. గీతా సారాభాయి న్యూయార్కులో వినిపించిన మాటకు వెయ్యేండ్లనాటి కాశ్మీరంలో ఇంత దగ్గరి సంవాదం ఉండటం ఆశ్చర్యకరం. అహంకారం అడ్డంకి అన్నంతవరకు కేజ్, అభినవగుప్తుడు ఒకే పక్షంవారు.

భేదం ఆ తరువాతి మెట్టులో ఉన్నది. అభినవగుప్తుడు అహంకారాన్ని సాధారణీకరణం ద్వారా తొలగిస్తాడు. నాది, ఇతరునిది అనే హద్దులు చెరగిపోగా భావం మిగిలి ఉంటుంది. కేజ్ నాణెం ద్వారా తొలగించబోయాడు. అందులో హద్దులతోపాటు భావమూ తుడిచివేయబడుతుంది. పైగా వాసనాసంస్కారం లేనివానికి రసాస్వాదమే లేదని అభినవగుప్తుని సిద్ధాంతం. కేజ్ దేనిని మాలిన్యమని కడిగివేయదలచాడో దానినే మనవారు సహృదయత్వానికి బీజమన్నారు. మన గాయకుని మనోధర్మం కూడా అలవాటు కాదు, అది సంస్కారం. అలవాటు మనిషిని తనలోనే తిప్పుతుంది. సంస్కారం సంప్రదాయంలోకి తీసుకొనిపోతుంది.

నాణెం నిజంగా అహంకారాన్ని తొలగిస్తున్నదా అన్నది మరొక ప్రశ్న. పట్టికలో ఏ శబ్దాలుండాలో నిర్ణయించినవాడు స్వరకర్తయే. వాయించేవానికి మాత్రం ఏ స్వేచ్ఛా లేదు. ఈ దోషాన్ని కేజ్ స్వయంగా గుర్తించి 1958 నాటి ఉపన్యాసంలో తన 'మ్యూజిక్ ఆఫ్ ఛేంజెస్'ను తానే తీవ్రంగా విమర్శించుకున్నాడు. స్వీయరచనపై ఇంత నిర్మొహమాటంగా తీర్పు చెప్పినవారు అరుదు. ఈ నిజాయితీవల్లనే ఆయన రచనలు విమర్శకునికి గౌరవపాత్రాలు.

ఇక నిశ్శబ్దకృతి. 1952 ఆగస్టు 29న న్యూయార్కు రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ సమీపంలో, వెనుకభాగం అడవివైపు తెరచి ఉన్న ఒక సభాభవనంలో, డేవిడ్ ట్యూడర్ అనే వాదకుడు పియానో మూతను మూసి తెరచి మూడు భాగాలను సూచిస్తూ 4 నిమిషాల 33 సెకన్లు ఏమీ వాయించకుండా కూర్చున్నాడు. గాలి వీచింది, పైకప్పుపై చినుకులు పడ్డాయి, జనం గుసగుసలాడారు. ఇవే సంగీతమని కేజ్ అభిప్రాయం. దీనికి ముందు 1951లో హార్వర్డులో శబ్దం ప్రవేశించని గదిలో కూర్చున్నప్పుడు ఆయనకు రెండు ధ్వనులు వినిపించాయట. హెచ్చుస్థాయిలోనిది నాడీమండలానిదనీ, తగ్గుస్థాయిలోనిది రక్తప్రసరణదనీ అక్కడివారు చెప్పారు. పూర్ణనిశ్శబ్దమనేది లేదని ఆయన అప్పుడు నిశ్చయించాడు.

దీనిని అనాహతనాదంతో ముడిపెట్టేవారున్నారు. అది పొరపాటు. చినుకు కప్పుపై పడినా, రక్తం నాళంలో ప్రవహించినా అవన్నీ ఆహతాలే. శార్ఙ్గదేవుని మతంలో అనాహతం మునులు గురూపదేశంతో ఉపాసించేది. అది రక్తివిహీనం కాబట్టి జనమనోరంజకం కాదని, అందువల్లనే తాను ఆహతనాదాన్ని నిరూపిస్తున్నానని ఆయన స్పష్టంగా చెప్పాడు. సభలో కూర్చుండి వినదగినది అనాహతం కాదు.

శాంతరసంతోనైనా దీనికి పొత్తు కుదురుతుందా? ధనంజయుడు దశరూపకంలో శమాన్ని నాట్యంలో అంగీకరించలేదు. సర్వవ్యాపారాలు విరమించిన స్థితిని అభినయించడం ఎలాగన్నది ఆ పక్షంవారి ప్రశ్న. ట్యూడర్ వేదికపై చేసినది సరిగా ఈ అసాధ్యకార్యమే అని చెప్పవచ్చును. అభినవగుప్తుడు ఈ ఆక్షేపణకు సమాధానం చెబుతూ, పర్యంతదశ అభినయయోగ్యం కాకపోవడం శాంతానికి మాత్రమే ఉన్న ఇబ్బంది కాదన్నాడు. రతికైనా, శోకానికైనా అంతిమస్థితిని రంగంపై చూపరు. దానికి పూర్వదశలోని ప్రయత్నాన్ని, చేష్టలను చూపుతారు. శాంతానికి కూడా అంతే. అంటే శాంతం రసం కావాలంటే దానివైపు సాగిన నడక కనిపించాలి. సొనాటాలలో ఆ నడక ఉన్నది. ఎనిమిది భావాల ఒడుదుడుకులు దాటి మనస్సు తొమ్మిదవదానికి చేరుకుంటుంది. 1952 నాటి కృతిలో నడక లేదు, గమ్యం మాత్రమే ఉన్నది. అది యోగం కావచ్చు, ఒక దార్శనిక ప్రతిపాదన కావచ్చు. రసకృతి అనడానికి మాత్రం శాస్త్రం ఒప్పుకోదు.

1950 తరువాత కేజ్ జెన్ బౌద్ధంవైపు మొగ్గినవాడు కదా, ఆయనను భరతుని కొలబద్దతో కొలవడం న్యాయమా అని అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నయే. నా ఆక్షేపణ కేజ్‌పై కాదు. ఆయన మార్గం ఆయనది. 1961లో వెలువడిన 'సైలెన్స్' అనే వ్యాససంపుటి చదివినవారెవరూ ఆయనను మోసగాడనలేరు. అందులోని ఉపన్యాసాలను సంగీతం వలెనే కాలప్రమాణం ప్రకారం, మధ్యమధ్య విరామాలతో ముద్రించాడు. చెప్పే విషయానికి, చెప్పే తీరుకు భేదం ఉండరాదని ఆయన పట్టుదల. నా ఆక్షేపణ ఆయన మౌనాన్ని తెచ్చి మన శాంతరసానికి పర్యాయంగా నిలబెట్టేవారిపైన. శాంతమంటే శూన్యం కాదు. దానికి స్థాయి ఉన్నది, విభావానుభావాలున్నవి, ఆస్వాదించే సహృదయుడున్నాడు. ఈ మాట మనం చెప్పకపోతే చెప్పేవారు లేరు.

అయితే చెప్పే అర్హత మనకున్నదా? ఈ వ్యాసకర్త చాలా సంవత్సరాలు రసప్రకరణం పాఠం చెప్పినవాడే. సూత్రం వల్లె వేయించాను, నలుగురు వ్యాఖ్యాతల మతాలు వ్రాయించాను, పరీక్షలలో అవే ప్రశ్నలు ఇచ్చాను. ఒక్కనాడైనా తరగతిలో ఒక రాగం వినిపించి, ఇది మీ మనస్సును ఏం చేసిందని విద్యార్థులను అడుగలేదు. కుమారస్వామి పుటలలో రసాలను గూర్చి క్లుప్తంగా చదువుకొన్న ఒక విదేశీయుడు వాటిని నమ్మి, తీగ తీగకూ మరలు బిగించి, రెండేండ్లు కూర్చుండి ఒక కృతి నిర్మించాడు. అభినవభారతి మూలం చేతిలో ఉన్న మనం దానిని మార్కులకొరకు చదివించాం. ఆయన శాస్త్రం తక్కువ తెలిసి ఎక్కువ విన్నాడు. మనకు శాస్త్రం ఉన్నది, శ్రవణం లేదు.

కావున నా విన్నపం స్వల్పమైనది. సాహిత్యశాఖలలో రసప్రకరణం బోధించేటప్పుడు సంగీతాధ్యాపకుని పిలిచి, ఆనందవర్ధనుడు గీతశబ్దాలను గూర్చి చెప్పిన చోటును, అభినవగుప్తుడు విఘ్నాలను వివరించిన చోటును గానసహితంగా పాఠం చెప్పించాలి. కేజ్ సొనాటాలను కూడా ఒకనాడు విద్యార్థులకు వినిపించవచ్చు. వారు నవ్వినా ఫరవాలేదు, హాస్యమూ రసమే. ఆ నవ్వు తగ్గిన తరువాత ఆ గదిలో ఏమి మిగిలినదో పరిశీలించడమే పాఠం.